ఠాకుమా వంట, నాయనమ్మ మాట

సంక్రాంతి వెళ్ళాక వచ్చే ఆదివారం మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరింట్లో వండింది వాళ్ళింట్లో తినేవారు కాదు. మా లైనువాళ్ళు, వెనక లైనువాళ్ళు తలా ఒక గిన్నె పట్టుకుని మైదానంలోకి వచ్చేసేవారు. జంపఖానాలు పరుచుకుని, సాల్ ఆకు విస్తళ్ళు వేసుకుని, మధ్యాహ్నం రెండింటి దాకా తినడమే పని. ఆ భోజనాలకి పేరు లేదు, కమిటీ లేదు, చందా లేదు. ఎవరు మొదలుపెట్టారని అడిగితే తలా ఒకరి పేరు చెప్పేవారు.

ఖరగ్‌పూర్ బెంగాల్‌లో ఉన్నా ఒట్టి బెంగాలీ ఊరు కాదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టినప్పుడు పనివాళ్ళని ఎక్కడెక్కడి నుంచో పోగేసింది. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి మనవాళ్ళు బళ్ళకొద్దీ వెళ్ళారు. మా తాత అలాగే ఖలాసీగా చేరాడు, నాన్న అదే షాపులో ఫిట్టరు. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయినా నాయనమ్మ నోట చివరి వరకు ‘బియ్యెన్నారే’. మథురాకాఠీ, నీంపురా వైపు వెళితే వీధికుళాయి దగ్గర తగువులు కూడా తెలుగులోనే వినపడేవి. మా లైనులో అయితే అన్ని రకాలవాళ్ళూ ఉండేవారు. ఒకవైపు ఒడియావాళ్ళు, ఎదురుగా పంజాబీ డ్రైవరు గారు, చివర తమిళ గుమాస్తా కుటుంబం, గోల్‌బజార్‌లో కొట్టున్న గుజరాతీ చుట్టం ఎవరో వెనక లైనులో. గోడకి గోడ ఆనుకుని కాకిమా వాళ్ళు.

కాకిమా అంటే మాకు పిన్నికింద లెక్క. పుట్టిల్లు తామ్లుక్ దగ్గర పల్లె. ఆవిడ అత్తగారు ఠాకుమా, అంటే బెంగాలీలో నాయనమ్మ. అంచు లేని తెల్లచీర, కత్తిరించిన జుట్టు. ఈ కథలో వంటంతా ఆవిడదే.

ఆదివారం భోజనాలకి ఉన్న నియమం ఒక్కటే, నీచు తేకూడదు. గుజరాతీవాళ్ళు తినరు, తమిళ మామీ ఆ వాసనకే లేచి వెళ్ళిపోతుంది. మాకు పెద్ద ఇబ్బంది లేదు, ఒక పూట చేప లేకపోతే ప్రాణం పోదు. మరి బెంగాలీవాళ్ళకి? పెళ్ళయినా పేరంటమైనా చేప లేని విందు విందే కాదు వాళ్ళకి. కొత్తగా ఆ లైనులోకి వచ్చిన బెంగాలీ ఉద్యోగి ఒకాయన ‘అయితే మేం ఏం తేవాలి, రసగుల్లాలా?’ అని కాస్త కోపంగానే అడిగాడట. కాకిమా ఆయన్ని ఓరగా చూసి, ‘మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ వండలేదా?’ అందట. ఆ ప్రశ్నకి అర్థం నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

ఆ రోజు వాళ్ళింటి నుంచి మొదట వచ్చేది శుక్తో. బెంగాలీ భోజనం చేదుతో మొదలవుతుంది, తీపితో ముగుస్తుంది, మధ్యలో వరస తప్పకూడదు. మనలా అన్నీ ఒకేసారి విస్తట్లో వడ్డించేసి, దేనిలో ఏది కలిసినా ఫరవాలేదనుకోవడం కాకిమాకి చూడలేని అన్యాయం. ‘ముందు ఇది, తరవాతే పప్పు’ అని ఖరగ్‌పూర్ హిందీలో అందరినీ గదమాయిస్తూ తిరిగేది. పంజాబీ అంకుల్ ఒకసారి శుక్తో మీద ఆవకాయ వేసుకున్నాడు. ఆ పూటంతా కాకిమా ఆయనతో మాట్లాడలేదు.

శుక్తోలో ఏముంటుందో చెప్పమంటే, ఇంట్లో ఉన్నవన్నీ ఉంటాయి అనిపిస్తుంది. కాకరకాయ, అరటికాయ, ములక్కాడ, వంకాయ, చిలగడదుంప, ముల్లంగి, పైన మినప వడియాలు. కానీ చెయ్యడంలో ఎక్కడలేని క్రమం. కాకరకాయ ముక్కలు విడిగా వేయించి పక్కన పెడతారు, మొదటే వేస్తే కూరంతా విషమే. వడియాలూ విడిగానే వేయించాలి. తాలింపులో బిర్యానీ ఆకు, రాధుని గింజలు. రాధుని చూడ్డానికి వాములాగే ఉంటుంది, వాము కాదు, వాసన వేరు. అల్లం ముద్ద, ఆవాలూ గసగసాలూ నూరిన ముద్ద, దించే ముందు పాలు, ఓ చెంచా నెయ్యి, చిటికెడు పంచదార. పసుపు వెయ్యరు, తెల్లగా ఉండాలి. పాలల్లో కాకరకాయ అనగానే మొహం చిట్లించే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, తిని చిట్లించండి.

మా అమ్మ ఆ రోజుకి చేసేది ఆవ పెట్టిన కంద బచ్చలి. అదేమిటో రుచి చూశాక ఠాకుమా మా అమ్మని పిలిపించి, ఆవాలు ఎలా నూరావని అడిగింది. ఉప్పూ పచ్చిమిర్చీ వేసి నూరకపోతే చేదెక్కుతాయని అమ్మ అంది. ఠాకుమా తల ఊపింది, వాళ్ళూ అంతే. అయితే మనం కూర దించాక ఆవ కలుపుతాం, వాళ్ళు పొయ్యి మీదే ఉడకనిస్తారు. దీని మీద గంటసేపు చర్చ. నువ్వులనూనె గొప్పా ఆవనూనె గొప్పా అన్నది మాత్రం ఆ మైదానంలో ఎప్పుడూ తేలలేదు. తమిళ మామీ ఎప్పుడూ నువ్వులనూనె పక్షమే, అదొక్కటే మాకు బలం.

తీపి వేసిన కూరలంటే వేరేవాళ్ళు వెక్కిరించేవారు గానీ మాకు కొత్త కాదు. ముక్కల పులుసులో బెల్లం వెయ్యకపోతే నాయనమ్మ గరిట విసిరేసే ఇల్లు మాది. ఠాకుమా చేసే ఛోలార్ దాల్‌లో కొబ్బరిముక్కలు వేయించి వేసేది, కిస్‌మిస్ కూడా. శనగపప్పు పలుకు విడకుండా, గరిట జారుగా. దాంతో లుచి. లుచి అంటే మైదా పూరీ అని చెప్పేస్తారు గానీ అది తెల్లగా ఉండాలి, కాస్త ఎరుపెక్కితే కాకిమా దాన్ని పిల్లల విస్తట్లో పడేసేది. అందుకని మాకు ఎర్రవే ఎక్కువ దొరికేవి, మేమూ అదే కోరుకునేవాళ్ళం.

మైదానంలో ఎక్కువమందికి నచ్చింది ఆలూ పోస్తో. బంగాళాదుంప, గసగసాల ముద్ద, నల్లజీలకర్ర, పచ్చిమిర్చి, ఆవనూనె, ఇంతే. మన ఇళ్ళల్లో గసగసాలు మాంసం మసాలాలోకి చెంచా తీస్తే ఎక్కువ. వాళ్ళు గిన్నెడు నానబోసేవారు. అప్పట్లో చవక. ఇప్పుడు కిలో వెయ్యి రూపాయలు ఎప్పుడో దాటేసింది, మా ఇంట్లో దాన్ని ఏలకుల పక్కన దాచుకుంటున్నాం.

ఇదంతా ఠాకుమా తన పొయ్యి మీద వండేది. వాళ్ళింట్లో రెండు వంటలు. కాకిమా పొయ్యి మీద చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి అన్నీ నడిచేవి. వెనక వరండాలో ఠాకుమా బొగ్గుల కుంపటి, ఇత్తడి గిన్నెలు వేరు. ఆవిడ తినేది మధ్యాహ్నం ఒక్కపూట. ఏకాదశి వస్తే అదీ లేదు, మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అప్పట్లో బెంగాల్‌లో పై కులాల హిందూ వితంతువుకి చేప, మాంసం, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. వీటితో పాటు ఎర్రపప్పు కూడా. అది శాకమే అయినా ఆమిషంలోకే, అంటే నీచులోకే కడతారు. ఈ సంగతి విని నాయనమ్మ నోరు నొక్కుకుంది. ‘ఓలమ్మ, పప్పుకి నీచేటి?’

నాయనమ్మా భర్త పోయినావిడే. కానీ మా వాళ్ళల్లో ఆ పట్టింపులు లేవు. ఎండుచేప కాల్చుకుని గంజన్నంలో నంజుకోవడం ఆవిడకి రోజూ ఉండాల్సిందే. వయసు ఒకటే, మంచాన పడ్డ మొగుళ్ళకి చేసిన చాకిరీ ఒకటే. పక్కగోడ అవతల ఆవిడ తినకూడదు, ఈవిడ తినొచ్చు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నాయనమ్మకి బెంగాలీలో వచ్చినవి ధరలు అడగడం, బేరం ఆడటం. ఠాకుమాకి తెలుగులో వచ్చింది ‘బాగున్నావా’ ఒక్కటే. అయినా మధ్యాహ్నాలు గంటలకొద్దీ మా పెరట్లో నులకమంచం మీద కూర్చుని ఏవేవో చెప్పుకునేవారు. ఠాకుమా వచ్చి కూర్చున్న రోజు నాయనమ్మ ఎండుచేప పొయ్యిలో పెట్టేది కాదు. అడిగితే ‘ఆయమ్మ ముక్కుందిగదే గుంటా, నోరు లేకపోతే ఏటి’ అనేది.

వాళ్ళిద్దరినీ అంత దగ్గర చేసింది వడియాలు. డిసెంబరు ఎండ పడగానే నాయనమ్మ బూడిద గుమ్మడికాయ తరిగి, ఉప్పేసి మూటగట్టి, బరువు పెట్టి నీళ్ళు కార్చి, రుబ్బిన మినప్పప్పులో పచ్చిమిర్చి, ఇంగువ వేసి కలిపేది. పాత పంచె మీద నిమ్మకాయంత ముద్దలు. ఠాకుమా ఇంట్లోనూ అవే రోజుల్లో అదే పప్పు నానేది. మినప్పప్పు రాత్రంతా నానబెట్టి పొట్టు కడిగి, సన్నికల్లు మీద నూరి, చేత్తో గిలక్కొట్టేది. చెయ్యి నొప్పెడితే కాకిమా అందుకునేది, ఆవిడ తరవాత నేను. నీళ్ళగిన్నెలో చుక్క వేసి చూస్తారు, తేలితే అయినట్టు. మనవాళ్ళు గారెల పిండికి చూసే పరీక్షే అది.

అక్కడి దాకా ఇద్దరిదీ ఒకటే వంట. ఆ తర్వాత ఠాకుమా పళ్ళెంలో గసగసాలు దట్టంగా పరిచేది. చిన్న గుడ్డకి మధ్యలో బొక్క, ఆ బొక్కకి రేకుతో చేసిన సన్నటి గొట్టం. గుడ్డలో పిండి వేసి మూతి మెలిపెట్టి పట్టుకుని, గసగసాల మీద గీత తెగకుండా చేతిని తిప్పేది. ముందు ఒక చుట్ట, దాని చుట్టూ చిన్న చిన్న మెలికలు, కింద జూకాకి వేలాడే ముత్యాల్లాంటి చుక్కలు. ఇంకొకటి శంఖం. ఇంకొకటి నెమలి, తోక వరస వరసలుగా. చెయ్యి వణికే వయసు, పళ్ళెం మీదికి వచ్చేసరికి మాత్రం వణికేది కాదు. వాటిని గొయ్‌నా బొడి అంటారు, అంటే నగల వడియాలు. ఇప్పటి తూర్పు మేదినీపూర్ జిల్లాలో తామ్లుక్, మహిషాదల్ వైపు ఆడవాళ్ళ పనితనం. కాకిమా పుట్టింటి విద్య అది, కోడలి దగ్గర అత్త నేర్చుకుంది. లేత ఎండలోనే ఆరాలి. గట్టి ఎండ తగిలితే పగుళ్ళు. నూనెలో వేసి రెండు ఊపిరులు తీసేలోగా తీసెయ్యాలి, నోట్లో వేస్తే పొడి అయిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు నాయనమ్మ పళ్ళెం ముందు చాలాసేపు గొంతుక్కూచుంది. తర్వాత ‘ఇయి తినడానికా, మెడలో ఏసుకోడానికా?’ అంది. కాకిమా అనువాదం చేసి చెబితే ఠాకుమా, ఆరిపోయిన ఒక జూకా తీసి నాయనమ్మ చెవి దగ్గర పట్టుకుని సరిపోయిందో లేదో చూసింది. ఆదివారం భోజనాల్లో ఆ పళ్ళెం వచ్చేసరికి పిల్లలం కొట్టుకునేవాళ్ళం. నెమలి ఎవరికి, శంఖం ఎవరికి అని. గుజరాతీ పిల్ల ఒకర్తి తినకుండా జేబులో దాచుకుని ఇంటికి తీసుకెళ్ళేది, ఇంటికి చేరేసరికి జేబంతా నలుసు.

నాయనమ్మ ఆ మాట అన్నది అలాంటి ఒక ఆదివారం నాడే. అందరూ ఠాకుమా శుక్తోని పొగుడుతున్నారు. ఇంత రుచిగా చేప లేకుండా ఎలా వండావని పంజాబీ ఆంటీ అడిగింది. చేప లేకుండానే కదా నలభై ఏళ్ళుగా వండుతున్నాను అన్నట్టు ఠాకుమా ఏదో చెప్పింది, నవ్వుతూనే. పదిహేడో ఏట భర్త పోయాడని, అప్పటి నుంచీ ఇదేనని కాకిమా వివరించింది. అప్పటికి కొడుకు నెలల పిల్లాడట. ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. నాయనమ్మే అంది, గట్టిగా, మైదానమంతా వినపడేలా: ‘మొగుడు పోతే సేపేటి సేసింది?’

తెలుగు వచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు. కాకిమాకి తెలుగు వచ్చు, అత్తగారికి చెప్పనా వద్దా అని ఆగింది. ఠాకుమానే మోచేత్తో పొడిచి చెప్పించుకుంది. విని, తన విస్తట్లో ఉన్న పాటిశాప్టా అనే పిండివంట తీసి నాయనమ్మ విస్తట్లో పెట్టింది. అంతే, మాట లేదు.

ఈమధ్య బెంగాలీ వితంతువుల వంట మహా కళ అని, ఉల్లి వెల్లుల్లి లేని నిరామిష వంటకి వాళ్ళే ప్రాణం పోశారని మెచ్చుకోళ్ళు తరచు చదువుతున్నాను. నిజమే. అరటిపువ్వు ఘొంటో, శనగపప్పు రుబ్బి ముక్కలు కోసి వేయించే ధోకార్ దాల్నా, కాయగూర తొక్కలతో చేసే వేపుళ్ళు, ఇవన్నీ ఆ కుంపట్ల మీద పదునెక్కినవే. నాకు మాత్రం ఆ మెచ్చుకోలు పూర్తిగా మింగుడుపడదు. తిండి మానిపించి, మిగిలినదాంతో ఏం చేసుకుంటావో చేసుకో అన్నారు, వాళ్ళు అమృతం చేశారు. చేసినవాళ్ళ గొప్ప అది, మానిపించిన ఆచారానిది కాదు. విద్యాసాగరుడు పుట్టిన బీర్‌సింఘ ఇప్పటి మా పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోదే. ఆయన పోరాటంతో 1856లో విధవా పునర్వివాహ చట్టం వచ్చింది. మన వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో పెళ్ళి చేయించారు. చట్టం పెళ్ళికి దారి తీసింది గానీ, ఠాకుమా విస్తట్లోకి చేపముక్కని తీసుకురాలేకపోయింది.

(ఆచారాల సంగతి వచ్చింది కాబట్టి: అదే బెంగాల్‌లో కాళీపూజకి బలి ఇచ్చిన మేకని ఉల్లి వెల్లుల్లి లేకుండా వండి, దాన్ని నిరామిష మాంసం అంటారు. ఎర్రపప్పేమో నీచు, ఇదేమో నిరామిషం. నాయనమ్మకి ఇది చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.)

పాటిశాప్టా అన్నాను కదా. సంక్రాంతి బెంగాలీవాళ్ళకి పిఠేల పండగ. బియ్యప్పిండి, మైదా, రవ్వ పాలతో జారుగా కలిపి పెనం మీద పల్చగా పోసి, కొబ్బరి, పాలకోవా, బెల్లం కూరి చాపలా చుట్టేస్తారు. ఆ బెల్లం నొలేన్ గుడ్, చలికాలంలోనే దొరుకుతుంది. తీసేది ఈత చెట్టు నుంచి. అవును, మనం కల్లు గీసే ఈత చెట్టే. రాత్రి కుండ కట్టి, తెల్లవారకముందే దింపి, ఆ రసం పులవకముందే కాచెయ్యాలి. పొగచూరిన తీపి వాసన. దీని గురించి మా నాన్న ఏటా ఒకే జోకు వేసేవాడు, ‘మనవాళ్ళు చెట్టు కిందే ఆగిపోయారు, వీళ్ళు ఇంకొంచెం ముందుకెళ్ళారు’ అని. అమ్మ ఒక ఏడాది ఆ బెల్లంతో అరిసెలు వండింది. పాకం మన బెల్లంలా మాట వినలేదు, అరిసెలు మెత్తగా వచ్చాయి. అందరికంటే ముందు అయిపోయిన గిన్నె మాత్రం అదే. ఒడియా పిన్ని, అరిసె అసలు మాదే, పూరీ జగన్నాథుడికి కూడా నైవేద్యం పెడతాం అని వాదనకి దిగింది. ఆ వాదన పెళ్ళిళ్ళల్లో కలిసినప్పుడు ఇప్పటికీ నడుస్తోంది.

దసరాలో దుర్గాపూజ భోగ్ కూడా పంచుకునేవాళ్ళం. అష్టమినాడు ఖిచుడి, లాబ్డా అనే కలగూర, టమాటా ఖర్జూరం చట్నీ, పాయేశ్, బారులు తీరి తినడం. దాని గురించి చాలామంది రాశారు, రుచిలోనూ అది పెద్ద గుండిగ వంట. నాకు గుర్తొచ్చేది మాత్రం విజయదశమి సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడితే చేతిలో పెట్టే కొబ్బరి నాడులు, అంటే కొబ్బరుండలు. మా వైపు లస్కోరా ఉండల్లాగే ఉంటాయి.

చేప సంగతి చెప్పకపోతే కాకిమా ఊరుకోదు. ఆదివారాల నియమం మైదానం వరకే. వానాకాలంలో గోడ మీంచి ఇలిశ చేప ఆవముద్దలో ఉడికినది మా ఇంటికి వచ్చేది, మా ఇంటి నుంచి చింతపండు పులుసు వెళ్ళేది. పులుపు ఎక్కువని ఆవిడ, ముళ్ళు ఎక్కువని మేము. ఇద్దరమూ గిన్నె ఖాళీ చేసే తిరిగిచ్చేవాళ్ళం.

నా పెళ్ళయి విశాఖ వచ్చేశాను. నాయనమ్మ పోయాక కొన్నేళ్ళకి కాకూ, అంటే కాకిమా భర్త, గుండెపోటుతో పోయారు. ఠాకుమా అప్పటికి ఎనభై దాటి ఉంది, కొడుకు పోవడం చూసింది. పదమూడు రోజులూ అయ్యాయి. చుట్టాలు కొందరు కాకిమాకి ఇక మీదట ఏం వండుకోవాలో చెప్పడం మొదలుపెట్టారట. అమ్మ అప్పుడు అక్కడే ఉంది, నాకు ఫోన్లో చెప్పింది. ఠాకుమా ఎవరినో పంపి చెరువు చేప తెప్పించి, కోడలి చేత వండించి, ఎదురుగా కూర్చుని తినమందట. ‘నేను తినను, నాకు ఇంక ఇమడదు. నువ్వు తిను’ అందట. కాకిమా ఏడుస్తూ తిన్నదని అమ్మ చెప్పింది. దాన్ని మా నాయనమ్మ ఖాతాలో వెయ్యను. కాలం మారింది, కాకిమా బడిలో పాఠాలు చెప్పే మనిషి, ఆవిడ పిల్లలూ ఊరుకునేవాళ్ళు కాదు. కానీ ఆ రోజు ఠాకుమా అమ్మ వైపు చూసి, ‘మీ అత్తగారు ఉంటే ఎంత గట్టిగా అరిచి ఉండేదో’ అందట.

ఇప్పుడు ఆ లైను క్వార్టర్లు చాలావరకు శిథిలమయ్యాయని విన్నాను. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇస్తున్నట్టు ప్రకటించినప్పుడు కాకిమా కొడుకు ఫోన్ చేసి, ‘మీ భాష సర్కారీ అయిపోయింది, పార్టీ ఎప్పుడు?’ అన్నాడు. వాడికి తెలుగు నాకంటే బాగా వచ్చు, ముఖ్యంగా తిట్లు. ఖరగ్‌పూర్‌లోనే ఇండా వైపు వాడి ఇల్లు.

విశాఖలో శుక్తో వండుతుంటాను. రాధుని ఇక్కడి కొట్లలో దొరకదు, ఆవాలు, మెంతులు చిటికెడు వేసి సర్దుకుంటాను, అది వేరే రుచి. మా కోడలికి అరటిపువ్వు ఘొంటో నచ్చింది, శుక్తో నచ్చలేదు. మనవడు కాకరకాయలు ఏరి నా కంచంలో పడేసి మిగతాది తింటాడు. జనవరిలో కాకిమా కొడుకు భార్యతో సహా అరకు చూడ్డానికి వస్తున్నాడు. బెంగాలీవాళ్ళకి విశాఖ, అరకు అంటే మహా ఇష్టం. వచ్చేటప్పుడు రాధుని పావుకిలో, నొలేన్ గుడ్ రెండు అచ్చులు తెమ్మన్నాను. డబ్బులు పంపిస్తానంటే తెలుగులోనే తిట్టాడు. వాడికి కావలసింది ఆవ పెట్టిన కంద బచ్చలి, కందకి ఇప్పుడే రైతుబజారులో చెప్పి పెట్టాను.